గ్నూకోబాల్ 3.2 + జీడీబీ రివ్యూ: ప్రోగ్రామ్‌ని మనం అనుకున్న చోట ఆపడం ఎంతవరకు కుదురుతుంది

ముందే చెప్పేస్తున్నా, ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నా. తగ్గిన ఆ ఒక్కటీ పెర్ఫామ్ దగ్గర తగ్గింది, పెర్ఫామ్ అంటే ఒక పేరాని (పేరున్న కోడ్ ముక్కని) నడిపించి మళ్ళీ పిలిచిన చోటికి తిరిగొచ్చే కోబాల్ స్టేట్‌మెంట్. అందుకే ఈ రివ్యూలో సగం పెర్ఫామ్ గురించే ఉంటుంది, ఎందుకంటే కోబాల్ డీబగ్ చేసేవాళ్ళు రోజంతా చేసే పనే అది, ఒక పేరా లోపలికి వెళ్ళాలా, దాన్ని దాటేసి పక్క లైన్‌లో ఆగాలా, లోపలికి వెళ్ళాక బయటికి ఎలా రావాలి. ఈ మూడూ సరిగ్గా చేతికి వస్తే మిగతా డీబగ్గింగ్ అంతా ఓపిక మీద నడిచిపోతుంది.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. గ్నూకోబాల్ అంటే ఒకప్పటి ఓపెన్‌కోబాల్, కోబాల్ అనే పాత బిజినెస్ భాషకి ఫ్రీ కంపైలర్, 3.2 వెర్షన్ 2023లో వచ్చింది. ఇది మన కోబాల్‌ని ముందు సీ భాష కోడ్‌గా మార్చి, ఆ సీ ని మామూలు సీ కంపైలర్‌తో కంపైల్ చేయిస్తుంది. దీనికంటూ సొంత డీబగ్గర్ (ప్రోగ్రామ్‌ని మధ్యలో ఆపి లోపల ఏముందో చూపించే టూల్) లేదు, సీ ప్రోగ్రామ్స్ కి వాడే జీడీబీనే వాడుకోవాలి. కంపైల్ చేసేటప్పుడు "కాబ్‌సీ -ఎక్స్ -జీ -డీబగ్ పేరోల్.కాబ్" అని ఇస్తే చాలు. ఇందులో -జీ వల్ల సీ కోడ్‌లో మన కోబాల్ ఫైల్ పేరు, లైన్ నంబర్లు పడతాయి, అందుకే జీడీబీలో మనకి కోబాల్ లైన్లే కనిపిస్తాయి, సీ కనిపించదు. -డీబగ్ వల్ల సబ్‌స్క్రిప్ట్ (టేబుల్‌లో ఎన్నో ఐటమ్ అని చెప్పే నంబర్) హద్దు దాటిందా, న్యూమరిక్ ఫీల్డ్‌లో చెత్త ఉందా లాంటి రన్‌టైమ్ చెక్స్ ఆన్ అవుతాయి. రెండూ వేరు వేరు పనులు, చాలామంది ఒకటి పెట్టి రెండోది కూడా వచ్చేసింది అనుకుంటారు. కోడ్‌ని వేగంగా నడిచేలా మార్చే ఆప్టిమైజేషన్ మాత్రం పెట్టొద్దు, పెడితే లైన్లు ముందుకీ వెనక్కీ గెంతుతూ ఉంటాయి, ఏ లైన్‌లో ఉన్నామో నమ్మకం ఉండదు.

ఇక అసలు విషయం. జీడీబీలో నెక్స్ట్ అంటే ఫంక్షన్ కాల్‌ని దాటేసి తర్వాతి లైన్‌లో ఆగు అని, స్టెప్ అంటే ఫంక్షన్ లోపలికి వెళ్ళు అని. సీ రాసేవాళ్ళకి ఇది సరిపోతుంది. మన కోబాల్‌లో పెర్ఫామ్ చేసినప్పుడు గ్నూకోబాల్ ఏం చేస్తుందంటే ప్రోగ్రామ్ మొత్తాన్నీ ఒకే పెద్ద సీ ఫంక్షన్‌గా రాస్తుంది, పేరాలన్నీ అందులో లేబుల్స్, పెర్ఫామ్ అంటే "ఇక్కడికి తిరిగి రావాలి" అని ఒక చిన్న టేబుల్‌లో రాసుకుని ఆ లేబుల్‌కి గోటూ (నేరుగా గెంతడం) కొట్టడం, పేరా చివర ఆ టేబుల్ చూసి మళ్ళీ వెనక్కి గోటూ. అంటే జీడీబీ కళ్ళకి అక్కడ ఏ ఫంక్షన్ కాలూ జరగలేదు. కాబట్టి పెర్ఫామ్ లైన్ మీద నిలబడి నెక్స్ట్ కొడితే పేరాని దాటదు, నేరుగా లోపలికి దిగిపోతుంది. స్టెప్ కొట్టినా అంతే. రెండింటికీ తేడా ఉండదు.

ఇంకా ఇబ్బంది పెట్టేది ఫినిష్. పేరా లోపలికి వెళ్ళాక "చాలు, పిలిచిన చోటికి తీసుకెళ్ళు" అని ఫినిష్ కొడితే, జీడీబీకి తెలిసిన ఫంక్షన్ అంటే మొత్తం ప్రోగ్రామే కాబట్టి, ప్రోగ్రామ్ చివరిదాకా పరిగెత్తిస్తుంది. లక్ష రికార్డులు ప్రాసెస్ అయిపోయి, రిపోర్ట్ రాసేసి, స్టాప్ రన్ దాకా వెళ్ళిపోతుంది. కోబాల్ పేరా లోపల ఉండగా ఫినిష్ కొట్టకండి, ఈ రివ్యూలో ఒక్క మాట గుర్తుపెట్టుకోవాలంటే ఇదే పెట్టుకోండి.

మరి దారి లేదా అంటే ఉంది, బాగానే ఉంది. అడ్వాన్స్ అనే కమాండ్ ఉంది, లైన్ నంబర్ ఇస్తే అక్కడిదాకా నడిపి ఆపుతుంది. పెర్ఫామ్ 244లో ఉంటే "అడ్వాన్స్ 245". నంబర్ కూడా అక్కర్లేదు, "అడ్వాన్స్ +1" అన్నా పనిచేస్తుంది, ఇప్పుడున్న లైన్‌కి తర్వాతి లైన్ అని అర్థం, అక్కడ కామెంటో ఖాళీ లైనో ఉంటే దాని తర్వాత కోడ్ ఉన్న లైన్‌ని అదే చూసుకుంటుంది. దీన్ని జీడీబీలో డిఫైన్ అనే సౌకర్యంతో పీఓ అని చిన్న పేరు పెట్టుకుని, జీడీబీ మొదలవగానే చదివే ఇనిట్ ఫైల్‌లో పడేస్తే, ఇక పెర్ఫామ్ వచ్చినప్పుడల్లా పీఓ, మామూలు లైన్‌కి ఎన్ (నెక్స్ట్ కి పొట్టి పేరు). నా దగ్గర ఎప్పుడూ అలాగే ఉంటుంది, చేతికి అలవాటైపోయింది.

కానీ ఇది ఎక్కడ దెబ్బ కొడుతుందో కూడా తెలియాలి. పెర్ఫామ్ అనేది పేరాలో ఆఖరి స్టేట్‌మెంట్ అయితే, దాని తర్వాతి లైన్ వేరే పేరాది. కంట్రోల్ అక్కడికి వెళ్ళకపోవచ్చు, పైనున్న ఇంకో పెర్ఫామ్‌కి తిరిగిపోతుంది, మనం +1 అని పెట్టిన చోటికి ఎప్పుడో అర్ధగంట తర్వాత వేరే దారిలో వస్తే వస్తుంది, లేకపోతే లేదు. అలాగే పేరా లోపల ఎర్రర్ వచ్చి గోటూతో అబెండ్ పేరాకి (ప్రోగ్రామ్‌ని ఎర్రర్‌తో ముగించే పేరా) వెళ్ళిపోతే కూడా మనం ఆపమన్న లైన్ తగలదు. అందుకే నేను ఎప్పుడూ అబెండ్ పేరా మొదటి లైన్ మీద ఒక బ్రేక్‌పాయింట్ (ఇక్కడికి రాగానే ఆగు అనే గుర్తు) శాశ్వతంగా ఉంచుతా, దానితో పాటు రన్‌టైమ్ లైబ్రరీలో కాబ్_రన్‌టైమ్_ఎర్రర్ అనే ఫంక్షన్ మీద ఒకటి, కాబ్_స్టాప్_రన్ మీద ఒకటి. ఈ మూడూ ఉంటే ప్రోగ్రామ్ మన చేతిలోంచి జారిపోయి ముగిసిపోవడం దాదాపు ఉండదు. సబ్‌స్క్రిప్ట్ హద్దు దాటి ఎర్రర్ మెసేజ్ పడే క్షణంలోనే ఆగుతుంది, అప్పుడు అప్ అని కొడుతూ పైకి వెళ్తే మన కోబాల్ లైన్ దొరుకుతుంది, వర్కింగ్ స్టోరేజ్ (ప్రోగ్రామ్ వేరియబుల్స్ ఉండే చోటు) అంతా అప్పటికి ఎలా ఉందో అలాగే ఉంటుంది.

బ్యాక్‌ట్రేస్ గురించి కూడా అదే కథ. బీటీ (బ్యాక్‌ట్రేస్, అంటే ఎవరు ఎవరిని పిలిస్తే ఇక్కడికి వచ్చామనే జాబితా) కొడితే ఏ ప్రోగ్రామ్ ఏ ప్రోగ్రామ్‌ని కాల్ చేసిందో చక్కగా చూపిస్తుంది, ఏ పేరా ఏ పేరాని పెర్ఫామ్ చేస్తే ఇక్కడికి వచ్చామో చూపించదు. 2000-ప్రాసెస్ నుంచి 2300-ట్యాక్స్, అక్కడి నుంచి 9100-రౌండ్ అనే వరుస మనకి కావాలి, అది నేరుగా రాదు. ఆ చిన్న టేబుల్ పేరు ఫ్రేమ్_పీటీఆర్, దాన్ని ప్రింట్ చేస్తే పెర్ఫామ్_త్రూ అని ఒక నంబర్ కనిపిస్తుంది, ఆ నంబర్ ఏ పేరాదో సీ ఫైల్‌లో వెతుక్కోవచ్చు. కుదురుతుంది కానీ హాయిగా ఉండదు. పెద్ద ప్రోగ్రామ్‌లో ఒకే పేరాని పది చోట్ల నుంచి పెర్ఫామ్ చేస్తుంటే ఈ లోటు బాగా తెలుస్తుంది. స్టార్ తగ్గించింది ఇందుకే.

ఇంకో చిన్న విషయం, జీడీబీ నడిచేది లైన్ లెక్కన, స్టేట్‌మెంట్ లెక్కన కాదు. ఒకే లైన్‌లో ఇఫ్, దాని పక్కనే మూవ్, దాని పక్కనే యాడ్ ఇరికించి రాసిన పాత కోడ్ ఉంటే మూడూ ఒక్క అడుగులో అయిపోతాయి, ఏ బ్రాంచ్ తీసుకుందో కూడా తెలియదు. డీబగ్ చేయబోయే పేరా వరకైనా ఒక లైన్‌కి ఒక స్టేట్‌మెంట్‌గా విడదీసుకుని కంపైల్ చేసుకోవడం మంచిది.

ఇప్పుడు దీని గొప్పదనం చెప్తాను, బ్యాచ్ ప్రోగ్రామ్స్ కి జీడీబీని మించినది ఫ్రీగా నాకు దొరకలేదు. పెద్ద ఫైల్ చదువుతూ ఎక్కడో మధ్యలో ఒక రికార్డ్ దగ్గర పడిపోయే ప్రోగ్రామ్ ఉందనుకోండి. ఏ రికార్డో తెలియదు. రీడ్ తర్వాతి లైన్ మీద బ్రేక్‌పాయింట్ పెట్టి, "ఇగ్నోర్ 1 1000000" అని చెప్పాలి, అంటే ఒకటో నంబర్ బ్రేక్‌పాయింట్‌ని పది లక్షల సార్లు తగిలినా పట్టించుకోకు అని. రన్ కొట్టాలి. ప్రోగ్రామ్ ఎర్రర్ దగ్గర ఆగుతుంది, మనం ఇందాక పెట్టిన కాబ్_రన్‌టైమ్_ఎర్రర్ బ్రేక్‌పాయింట్ వల్ల. అప్పుడు ఇన్ఫో బ్రేక్‌పాయింట్స్ అడిగితే ఆ ఒకటో బ్రేక్‌పాయింట్ ఇప్పటిదాకా ఎన్నిసార్లు తగిలిందో చెప్తుంది, మాటవరసకి 48213 అని. అంతే, పడిపోయిన రికార్డ్ అదే. ఇప్పుడు "ఇగ్నోర్ 1 48212" పెట్టి మళ్ళీ రన్ కొడితే సరిగ్గా ఆ రికార్డ్ చదివిన వెంటనే, ఇంకా ఏం పాడవకముందే ఆగుతుంది. అక్కడి నుంచి ఒక్కో లైన్ నడిపించుకోవచ్చు. విలువలు ప్రింట్ చేసే డిస్‌ప్లేలు ప్రోగ్రామ్‌లో పెట్టి, వేల లైన్ల లాగ్ తిరగేసి వెతికే పని మొత్తం పోతుంది. కోబాల్ నేర్చుకునే ప్రతి ఒక్కరికీ ఈ ఒక్క పద్ధతి ముందు నేర్పించాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

దీనికి రెండు జాగ్రత్తలు. ప్రతిసారీ బ్రేక్‌పాయింట్ తగలడం అంటే ప్రోగ్రామ్ ఒక్క క్షణం ఆగి జీడీబీ చేతికి వెళ్ళి మళ్ళీ రావడమే, అందుకని వేలల్లో అయితే తెలియదు గానీ లక్షలు దాటితే బాగా నెమ్మదిస్తుంది. రెండోది, ఫైల్‌ని ఐ-ఓ (చదవడం, రాయడం రెండూ) మోడ్‌లో ఓపెన్ చేసి రీరైట్ చేసే ప్రోగ్రామ్ అయితే మొదటి రన్‌లోనే డేటా మారిపోయి ఉంటుంది, రెండో రన్‌కి అదే సంఖ్య రాకపోవచ్చు, కాబట్టి ముందు ఫైల్ కాపీ ఒకటి పక్కన పెట్టుకుని ప్రతి రన్‌కీ ముందు దాన్ని వెనక్కి తెచ్చుకోవాలి.

వేరియబుల్స్ దగ్గర మాత్రం మొదటిసారి చూసేవాళ్ళు కంగారు పడతారు. డబ్ల్యూఎస్-టోటల్ అని ప్రింట్ అడిగితే జీడీబీ దాన్ని డబ్ల్యూఎస్ మైనస్ టోటల్ అనుకుని, డబ్ల్యూఎస్ అనే సింబల్ లేదు అంటుంది. అది సీ భాష అనుకుంటోంది కదా, హైఫన్ దానికి తీసివేత. అసలు పేర్లు సీ కోడ్‌లో బీ_8, బీ_12 ఇలా ఉంటాయి, బీ అంటే ఆ 01 లెవెల్ (అన్నిటికంటే పై స్థాయి) ఐటమ్ స్టోరేజ్. ఏ నంబర్ ఏ ఫీల్డ్‌దో తెలియాలంటే -సేవ్-టెంప్స్ పెట్టి కంపైల్ చేస్తే మధ్యలో తయారైన ఫైల్స్ మిగులుతాయి, వాటిలో .సీ.ఎల్.హెచ్ తో ముగిసే ఫైల్‌లో ప్రతి బీ నంబర్ పక్కన కామెంట్‌లో కోబాల్ పేరు ఉంటుంది. గ్రూప్ లోపలి ఫీల్డ్స్ కి, అంటే 05 లెవెల్స్ కి, విడిగా స్టోరేజ్ ఉండదు, గ్రూప్ మొదలు నుంచి ఎన్ని బైట్ల దూరంలో ఉందో మనమే లెక్కేసుకోవాలి. కాంప్-3 (ఒక్కో బైట్‌లో రెండు అంకెలు పెట్టే) ఫీల్డ్ అయితే హెక్స్‌లో చూడాలి, 12 34 5సీ అని కనిపిస్తే అది ప్లస్ 12345, చివర డీ ఉంటే మైనస్. ఈ లెక్కలు మెయిన్‌ఫ్రేమ్ డంప్ చదివిన వాళ్ళకి కొత్త కాదు, మిగతావాళ్ళకి కొంచెం టైమ్ పడుతుంది. ఇదంతా వద్దనుకుంటే వీఎస్ కోడ్‌లో గ్నూకోబాల్ డీబగ్గర్ ఎక్స్‌టెన్షన్ ఉంది, కాబోల్‌వర్క్స్ వాళ్ళ కాబ్‌సీడీ అనే టూల్ ఉంది, రెండూ జీడీబీ మీదే నడుస్తూ కోబాల్ పేర్లతో విలువలు చూపిస్తాయి. విలువలు చూడ్డానికి అవి సుఖం, నిజమే. నడక మీద పూర్తి పట్టు కావాలంటే మాత్రం నేను కింద ఉన్న జీడీబీలోకే దిగుతా.

కండిషన్ పెట్టి ఆపడం కూడా ఈ బీ నంబర్ల మీదే. ఎంప్లాయీ నంబర్ 004512 వచ్చినప్పుడే ఆగాలి అంటే, అది డిస్‌ప్లే ఫీల్డ్ (అంకెల్ని అక్షరాలుగా దాచుకునేది) కాబట్టి నంబర్‌గా పోల్చకూడదు, అక్షరాలుగా పోల్చాలి. జీడీబీలో డాలర్_మెమ్‌ఈక్యూ అని ఒక ఫంక్షన్ ఉంది, స్టోరేజ్, పోల్చాల్సిన స్ట్రింగ్, పొడవు ఇస్తే సరిపోతుంది, జీడీబీ పైథాన్ సపోర్ట్‌తో బిల్డ్ అయి ఉండాలి అంతే. ఆపకుండా విలువ మాత్రం చూసుకుంటూ పోవాలంటే డీప్రింట్‌ఎఫ్ ఉంది, ఫలానా లైన్‌కి వచ్చినప్పుడల్లా ఇది ప్రింట్ చెయ్, ఆగొద్దు అని చెప్పొచ్చు. సోర్స్‌లో డిస్‌ప్లే పెట్టి మళ్ళీ కంపైల్ చేసి, పని అయ్యాక తీసేయడం మర్చిపోయి ప్రొడక్షన్‌కి పంపే ప్రమాదం దీనితో పూర్తిగా పోతుంది.

వాచ్‌పాయింట్ (మెమరీలో ఫలానా బైట్లు మారగానే ఆగు అనడం) గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే కోబాల్‌కి ఇది ప్రాణం. కోబాల్‌లో ఒక ఫీల్డ్ విలువ దాని పేరు ఎక్కడా రాయకుండానే మారిపోగలదు. పైన ఉన్న గ్రూప్‌లోకి మూవ్ చేస్తే మారుతుంది, రీడిఫైన్స్ పేరుతో (అదే మెమరీకి పెట్టిన ఇంకో పేరు) మారుతుంది, పక్కనున్న టేబుల్‌లో సబ్‌స్క్రిప్ట్ ఎక్కువై పొంగిపోయి మారుతుంది, కాల్ చేసిన ప్రోగ్రామ్ లింకేజ్ సెక్షన్‌లో (తనకి అందిన డేటాని వర్ణించే చోటు) పొడవు తప్పుగా ఉంటే మారుతుంది. ఎడిటర్‌లో ఆ పేరుని ఎంత వెతికినా దొరకదు. వాచ్ పేరుని పట్టించుకోదు, బైట్లనే చూస్తుంది, కాబట్టి ఏ దారిలో మారినా పట్టుకుంటుంది. బీ_8 మొదలు నుంచి 12 బైట్ల తర్వాత ఉన్న 6 బైట్లని వాచ్ చెయ్ అని చెప్పి కంటిన్యూ కొడితే, ఆ బైట్లు మారిన మరుక్షణం పాత విలువ, కొత్త విలువ రెండూ చూపించి ఆగుతుంది. చాలాసార్లు ఆగేది రన్‌టైమ్ లైబ్రరీ లోపల మూవ్ చేసే ఫంక్షన్‌లో, అక్కడ మాత్రం ఫినిష్ కొట్టడం సరైనదే, ఎందుకంటే అది నిజమైన సీ ఫంక్షన్, బయటికి రాగానే మన కోబాల్ లైన్ మీద ఉంటాం. ఫినిష్ ఎక్కడ వాడాలో ఎక్కడ వాడకూడదో ఇక్కడ తేడా స్పష్టంగా తెలుస్తుంది.

వాచ్ స్పీడ్ విషయంలో ఒకటి చూసుకోవాలి. ఎక్స్86 ప్రాసెసర్‌లో దీనికోసం 4 రిజిస్టర్లే ఉంటాయి, ఒక్కోటి గరిష్టంగా 8 బైట్లు చూడగలదు. ఆ హద్దులో ఉంటే ప్రాసెసర్ తనే చూసుకుంటుంది, ప్రోగ్రామ్ దాదాపు మామూలు వేగంతోనే పరిగెడుతుంది. 80 బైట్ల రికార్డ్ మొత్తాన్నీ వాచ్ చెయ్ అంటే జీడీబీ ఒక్కో ఇన్‌స్ట్రక్షన్‌కీ ఆపి ఆపి చూడాలి, నిమిషంలో అయ్యేది గంటలు పట్టొచ్చు. వాచ్ పెట్టగానే వచ్చే మెసేజ్‌లో హార్డ్‌వేర్ వాచ్‌పాయింట్ అని ఉందో, ఉత్త వాచ్‌పాయింట్ అని ఉందో చూడండి. హార్డ్‌వేర్ అనే మాట లేకపోతే వెంటనే తీసేసి, చిన్న ముక్క ఎంచుకుని మళ్ళీ పెట్టుకోండి.

నడుస్తున్న ప్రోగ్రామ్‌ని దారి మళ్ళించడం ఇంకో పెద్ద విషయం. డూప్లికేట్ కీ వస్తే, అంటే ఫైల్ స్టేటస్ 22 వస్తే, మన ఎర్రర్ పేరా సరిగ్గా పనిచేస్తుందా అని చూడాలంటే అలాంటి డేటా తయారు చేయక్కర్లేదు, రైట్ అయిపోగానే ఆపి, స్టేటస్ ఫీల్డ్‌లో రెండు బైట్లనీ సెట్ వార్‌తో '2', '2' గా మార్చి ముందుకి నడిపిస్తే ఇఫ్ మనం చెప్పిన దారిలోనే వెళ్తుంది. 35 (ఫైల్ లేదు) అయినా 23 (రికార్డ్ దొరకలేదు) అయినా ఇలాగే. ఏళ్ళ తరబడి ఒక్కసారి కూడా నడవని ఎర్రర్ పేరాలు ప్రతి సిస్టమ్‌లో ఉంటాయి, వాటిని ఇంత తేలిగ్గా నడిపించి చూడగలగడం నిజంగా విలువైనది.

జంప్ కమాండ్ కూడా ఉంది, కొన్ని లైన్లు వదిలేసి వేరే లైన్ నుంచి నడిపించొచ్చు. ఇక్కడ రెండు తెలియాలి. ఒకటి, జంప్ చేస్తే అక్కడ ఆగదు, అక్కడి నుంచి పరిగెడుతుంది, కాబట్టి ముందు ఆ లైన్ మీద టీబ్రేక్ (ఒక్కసారి మాత్రమే ఆపే బ్రేక్‌పాయింట్) పెట్టి తర్వాత జంప్ కొట్టాలి. ఐబీఎం జడ్‌ఓఎస్ డీబగ్గర్‌లో దీనికి రెండు వేరు కమాండ్లు ఉన్నాయి, గోటూ అంటే వెళ్ళి నడుస్తుంది, జంప్‌టూ అంటే వెళ్ళి ఆగుతుంది, ఆ విభజన నాకు చాలా నచ్చుతుంది. రెండోది ముఖ్యమైనది, ఒక పేరా లోపల ఉండి ఇంకో పేరాలోకి జంప్ చేస్తే, ఆ తిరుగు దారి టేబుల్‌లో పాత పెర్ఫామ్ అలాగే ఉండిపోతుంది. కొత్త పేరా చివరికి వచ్చాక అది తనని పిలిచినవాళ్ళు ఎవరూ లేరనుకుని కింద ఉన్న పేరాలోకి జారిపోతుంది. అక్కడి నుంచి కనిపించే తప్పులన్నీ మనం చేసిన జంప్ వల్ల వచ్చినవి, ప్రోగ్రామ్‌వి కావు. అందుకని జంప్ ఎప్పుడూ అదే పేరా లోపలే చేయాలి.

వెనక్కి నడవడం గురించి తొందరగా చెప్పేస్తా. జీడీబీలో రికార్డ్ అనే కమాండ్ ఆన్ చేస్తే రివర్స్-నెక్స్ట్ పనిచేస్తుంది కానీ మామూలుగా చివరి 200000 ఇన్‌స్ట్రక్షన్లే గుర్తుంచుకుంటుంది, చాలా నెమ్మది కూడా, కాబట్టి అనుమానం ఉన్న ఒక్క పేరా చుట్టూ మాత్రమే వాడాలి. లైనక్స్‌లో చెక్‌పాయింట్ అని ఇంకోటి ఉంది, అది నాకు ఎక్కువ ఉపయోగపడుతుంది, ఒక చోట గుర్తు పెట్టుకుని ముందుకెళ్ళి, తేడా వస్తే రీస్టార్ట్ అని ఆ గుర్తు దగ్గరికి తిరిగి రావచ్చు. చదువుతున్న ఫైల్‌లో ఎక్కడ ఉన్నామో కూడా వెనక్కి వస్తుంది. ఫైల్‌లోకి ఆ మధ్యలో రాసేసింది మాత్రం వెనక్కి రాదు.

కాల్ చేసే సబ్ ప్రోగ్రామ్స్ విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు. స్టెప్ కొడితే ఆ మాడ్యూల్ కూడా -జీ తో కంపైల్ అయి ఉంటే లోపలికి వెళ్తుంది, లేకపోతే దాటేస్తుంది. నెక్స్ట్ దాటుతుంది, ఫినిష్ బయటికి తెస్తుంది, బీటీ వరుస చూపిస్తుంది, అన్నీ పుస్తకంలో చెప్పినట్టే. మాడ్యూల్ ఇంకా లోడ్ అవ్వలేదు కాబట్టి దానిలో బ్రేక్‌పాయింట్ పెడితే "తర్వాత లోడ్ అయినప్పుడు పెట్టమంటారా" అని అడుగుతుంది, అవును అంటే చాలు. కాబ్‌సీరన్‌తో (మాడ్యూల్‌ని లోడ్ చేసి నడిపే గ్నూకోబాల్ ప్రోగ్రామ్) నడిపే మాడ్యూల్స్ అయితే జీడీబీకి కాబ్‌సీరన్‌నే ప్రోగ్రామ్‌గా ఇచ్చి, మన మాడ్యూల్ పేరుని ఆర్గ్యుమెంట్‌గా ఇవ్వాలి. కాపీబుక్‌లో (కాపీ స్టేట్‌మెంట్‌తో కలుపుకునే సోర్స్ ఫైల్) ఉన్న ప్రొసీజర్ కోడ్ మీద కూడా కాపీబుక్ ఫైల్ పేరు, లైన్ నంబర్ ఇచ్చి ఆపొచ్చు, దాన్ని నాలుగు చోట్ల కాపీ చేసి ఉంటే ఒకే బ్రేక్‌పాయింట్‌కి నాలుగు స్థానాలు వస్తాయి, అక్కర్లేనివి విడివిడిగా డిసేబుల్ చేసుకోవచ్చు. ఎస్‌క్యూఎల్ లైన్లని కోబాల్‌గా మార్చే ప్రీకంపైలర్ దాటి వచ్చిన ప్రోగ్రామ్ అయితే మాత్రం మనకి కనిపించేది ప్రీకంపైలర్ రాసిన ఫైల్ కావచ్చు, లైన్ నంబర్లు దాని ప్రకారం చూసుకోవాలి.

స్క్రీన్ సెక్షన్ ఉన్న ప్రోగ్రామ్స్ కి ఒక చిట్కా. ప్రోగ్రామ్ స్క్రీనూ జీడీబీ ప్రాంప్టూ ఒకే టెర్మినల్‌లో ఉంటే రెండూ కలిసి గందరగోళం. ఇంకో టెర్మినల్ విండో తెరిచి, అక్కడ టీటీవై అని కొట్టి వచ్చిన పేరుని జీడీబీలో టీటీవై కమాండ్‌కి ఇస్తే, స్క్రీన్ అంతా ఆ విండోలో, కంట్రోల్ అంతా ఈ విండోలో.

జీడీబీ అసలు వద్దు, దారి మాత్రం తెలిస్తే చాలు అనేవాళ్ళకి -ఎఫ్‌ట్రేస్‌ఆల్ తో కంపైల్ చేసి, కాబ్_సెట్_ట్రేస్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని వై చేసి నడిపితే ఏ సెక్షన్, ఏ పేరా, ఏ స్టేట్‌మెంట్ వరుసగా నడిచాయో రాస్తుంది, కాబ్_ట్రేస్_ఫైల్ లో పేరు ఇస్తే ఫైల్‌లో పడుతుంది. ప్రోగ్రామ్ మధ్యలో రెడీ ట్రేస్, రీసెట్ ట్రేస్ రాసి అనుమానం ఉన్న ముక్కకే పరిమితం చేసుకోవచ్చు. పెర్ఫామ్ వరుస జీడీబీలో కనిపించదు అన్నాను కదా, ఆ లోటుని నేను పూడ్చుకునేది దీనితోనే. ముందు ట్రేస్ నడిపి, తప్పు జరిగిన పేరాకి ఏ దారిలో వచ్చిందో చూసుకుని, ఆ దారిలో ఉన్న పెర్ఫామ్ లైన్ల మీద బ్రేక్‌పాయింట్లు పెట్టి జీడీబీలో నడిపిస్తా. పెట్టుకున్నవన్నీ సేవ్ బ్రేక్‌పాయింట్స్ తో ఒక ఫైల్‌లో దాచుకుంటే రేపు సోర్స్ అనే కమాండ్‌కి ఆ ఫైల్ పేరు ఇస్తే మళ్ళీ వచ్చేస్తాయి, కాకపోతే ఈలోపు సోర్స్‌లో పైన లైన్లు కలిపి ఉంటే నంబర్లు జరిగిపోతాయి, ముందు వాటిని సరిచేసుకుని రన్ కొట్టండి.